కండకైతే సరే

“మందు ఇక్కడే ఉంది. సిరంజి ఇక్కడే ఉంది. చెయ్యి ఇదిగో, ఇక్కడే ఉంది. ఇంకేం కావాలి?” అన్నాడు ఇంటాయన.

“పెద్ద నర్సు కావాలి,” అంది మంచం పక్కన కూర్చున్న నర్సు, థర్మామీటరు తుడుస్తూ.

మంచం మీద ఉన్నది ఇంటాయన తల్లి. కాలి ఎముకలో చీము పట్టి, ఆస్పత్రిలో చాలా రోజులుండి వచ్చింది. నరంలోకి మందు పోవడానికి మోచేతి దగ్గర సన్నటి గొట్టం అమర్చి పంపించారు. వేళ తప్పితే చీము తిరగబెడుతుందనీ, ఈసారి కాలు తీసేయాల్సి రావచ్చనీ డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఇంటాయనకి గోడ గడియారం తప్ప ఇంకేమీ కనబడటం లేదు. ఇవాళ మందు వేళ దాటిపోయి చాలాసేపయింది.

ఇళ్ళకి నర్సుల్ని పంపే ఏజెన్సీ వేసిన ఈ నర్సు ప్రాక్టికల్ నర్సు. మాత్రలు ఇస్తుంది, కట్టు మారుస్తుంది, కండకి ఇంజెక్షన్ వేస్తుంది. నరంలోకి మందు ఎక్కించడం మాత్రం పెద్ద చదువు చదివిన రిజిస్టర్డ్ నర్సు పని. ఆవిడ రోజూ వచ్చి, మందు ఎక్కించి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోతుంది. ఇవాళ ఆవిడ కారు దారిలో మొరాయించింది.

“చెయ్యడం రాకనా?” అన్నాడు ఇంటాయన.

“వచ్చు.”

“మరి?”

“రావడం వేరు, చెయ్యనివ్వడం వేరు. డ్యూటీలో ఉండగా నా చేత్తో నరంలోకి మందు పోయిందంటే నా లైసెన్సు పోతుంది. ఎన్నిసార్లు చెప్పానండీ మీకు.”

“ఎవరు చూడొచ్చారు? నేను చెప్పను. అమ్మ చెప్పదు.”

“ఏదైనా తేడా వస్తే అడిగేది మిమ్మల్ని కాదు, నన్ను.”

“అంటే కండకైతే కసుక్కున గుచ్చేయొచ్చు. నరానికి గొట్టం సిద్ధంగా ఉన్నా ముట్టుకోకూడదు. ఎవడి బుర్రలో పుట్టిందీ రూలు?”

“నా బుర్రలో కాదు.”

“తల్లీ, నీకో దండం. పోనీ ఇవాళ్టికి డ్యూటీ చాలించి వెళ్ళిపోవచ్చుగా.”

“రోగిని మధ్యలో వదిలేసి వెళ్తే అదింకా పెద్ద తప్పు.”

మంచం మీంచి ముసలావిడ కల్పించుకుంది. “ఒరేయ్, డ్యూటీలో ఉన్న మనిషితో అలాగేనా మాట్లాడేది? ఆ అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది పాపం.”

అందరూ అందరికీ పాపమే, తన కడుపుమంట మాత్రం ఎవరికీ పట్టదు అనుకుంటూ ఇంటాయన ఏజెన్సీకి ఫోన్ చేశాడు. చెవి చిల్లులు పడేలా పాట వినిపించాక సూపర్‌వైజరు దొరికింది.

“వేరే నర్సు కోసం వెతుకుతున్నాం సార్. అక్కడున్న నర్సుని మాత్రం మందు ఎక్కించమని అడక్కండి. అడిగారా?”

“అడిగాను. బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది.”

“మంచి పిల్ల,” అంది సూపర్‌వైజరు తృప్తిగా. “మీ ఇంటికి దగ్గర్లో ఉన్న నర్సుని ఏరి మరీ వేశాం సార్.”

“మహా దగ్గర,” అన్నాడు ఇంటాయన పళ్ళు కొరుకుతూ.

“ఇంట్లోవాళ్ళు ఇవ్వొచ్చు కదా. ఆస్పత్రిలో నేర్పే పంపిస్తారు. ఇంట్లోవాళ్ళకి లైసెన్సుతో పనిలేదు.”

“అంటే నర్సు చదువు చదివినవాళ్ళు ఇవ్వకూడదు, ఓనమాలు రానివాళ్ళు ఇవ్వొచ్చు.”

“రూలు అంతే సార్. మీకు నేర్పలేదా?”

నేర్పారు. నేర్పుతుండగానే ఇంటాయన సిరంజి చూసి స్టూలు మీంచి జారి పడ్డాడు. అతన్ని పక్క మంచం మీద పడుకోబెట్టి, మిగతా పాఠం అతని భార్యకి చెప్పారు. ఆవిడ ఒక్కసారికే నేర్చుకుని చేసి చూపించింది.

“మా ఆవిడకి నేర్పారు,” అన్నాడు ఇంటాయన.

“ఇంకేం సార్, పిలవండి మరి.”

“డ్యూటీలో ఉంది.”

“అర్జెంటని చెప్పండి.”

“చెప్పాను. డ్యూటీలో ఉండగా కుదరదంది.”

“అత్తగారి కాలు పోయేలా ఉన్నా సరేనా? ఏం మనిషండీ ఆవిడ?”

“నన్నడుగుతారేమిటి?”

“అయినా ఆవిణ్ణి అని ఏం లాభం. ఆ ఆఫీసువాళ్ళెవరో గానీ రాక్షసుల్లా ఉన్నారు.”

“ఆ మాట మాత్రం ఒప్పుకుంటాను,” అని ఇంటాయన ఫోన్ పెట్టేశాడు.

నర్సు ముసలావిడ నుదుటి మీద చెయ్యి వేసి, థర్మామీటరు పెట్టి చూసింది. జ్వరం కొద్దిగా పెరిగింది. ఆ సంగతి చెబుతూనే తడిగుడ్డ తెచ్చి నుదుటి మీద వేసింది. రాయి కాదు, మనిషే. గడియారం వంక ఇంటాయన ఎన్నిసార్లు చూస్తున్నాడో ఆమె కూడా అన్నిసార్లు చూస్తోంది. చూసినప్పుడల్లా ఆ ముల్లు మొద్దునిద్ర పోతున్నట్టే కనిపించింది. “కాస్త ఓపిక పట్టండి,” అంటే ఇంటాయన అంతెత్తున లేచాడు. ఓపిక తనకి కాదు, చీముకి ఉండాలన్నాడు.

ఎట్టకేలకి డ్యూటీ ముగిసే వేళయింది. నర్సు చటుక్కున లేచి నిలబడింది. జ్వరం ఎంత ఉందో, నాడి ఎలా ఉందో, మందు పడలేదన్న సంగతీ ఏజెన్సీకి మెసేజీ పెట్టింది. బ్యాడ్జీ తీసి సంచీలో వేసింది. తెల్లకోటు విప్పి కుర్చీ మీద పడేసి, వాష్‌బేసిన్ దగ్గరికెళ్ళి మోచేతుల దాకా సబ్బు రుద్దుకోసాగింది.

ఫోన్ మోగింది. సూపర్‌వైజరే.

“సార్, మా నర్సు డ్యూటీ దిగింది. వేరే నర్సు దొరకలేదు, పెద్ద నర్సు రేపటిగ్గానీ రాలేదు. ఇక మీ ఆవిడే దిక్కు. ఇంతకీ ఆ మహాతల్లి ఇంటికొచ్చిందా?”

ఇంటాయన కుళాయి వైపు చూశాడు.

“వచ్చిందండీ, చేతులు కడుక్కుంటోంది.”