గ్లాసులో డీజిల్

ఫిల్టర్‌లోని డీజిల్‌ని గాజుగ్లాసులోకి వంచి వెలుతురుకేసి పట్టుకున్నాను. చుక్క నీళ్ళు లేవు, నలుసు లేదు. ఆ ఎస్.యు.వి.కి ఐదేళ్ళంటే ఎవరూ నమ్మరు.

"చూసి బుద్ధి తెచ్చుకోండయ్యా!" అని షెడ్డులో ఉన్న డ్రైవర్లందరికీ గ్లాసు ఎత్తి చూపించాను.

బండి యజమాని, లెక్కల మాస్టారు, పక్కనే నిలబడి బానెట్ తుడుస్తున్నారు.

"అంతా మీరు చెప్పినట్టే మేస్త్రీ. వేళకి ఆయిలు, వేళకి ఫిల్టరు. డీజిల్ ఊరవతల బంకులోనే."

"సందు చివర బంకులో ఎప్పుడూ పోయించలేదా?"

"చచ్చినా పోయించను. ఆ డీజిల్ పోస్తే ఇంజిన్‌కి విషం పెట్టినట్టేనని మీరేగా అన్నారు."

అన్నాను. వచ్చిన ప్రతివాడితోనూ అంటాను. చెవిన పెట్టినవాడు ఈయనొక్కడే.

"ఒక్కసారి మా ఆవిడ గోలపెట్టింది," అన్నారాయన. "నొప్పులొస్తే ఆస్పత్రికి బయల్దేరాం. చూస్తే ట్యాంకు అడుగంటింది. ఎదురుగా ఆ బంకే. ఇక్కడే పోయించండి, నా వల్ల కావట్లేదని ఒకటే ఏడుపు. నేను వింటేనా? బండి తిప్పి ఊరవతలకే పోనిచ్చాను."

"మరి అమ్మగారు?"

"తిరిగొచ్చే దారిలో ఏడుపు ఆపేసింది. ఆస్పత్రి దాకా ఇంజిన్ చప్పుడొక్కటే. ఎంత నున్నటి చప్పుడో!"

ఆయన గుడ్డని నాలుగు మడతలు పెట్టి నా చేతిలో ఉంచారు.

"పావుగంట ముందు తెచ్చుంటే తల్లీబిడ్డా దక్కేవారన్నాడు డాక్టరు. పోనీలెండి మేస్త్రీ, ఇంజినైనా దక్కింది."

డ్రైవర్లందరూ ఇంకా నేనెత్తి పట్టుకున్న గ్లాసు వైపే చూస్తున్నారు.