ఆడకొంగ కూత

"ఈసారి కూడా కొంగ కనబడకపోతే, మిమ్మల్నే ఒంటికాలి మీద నిలబెట్టి ఫొటో తీసుకుపోతాం," అన్నాడు టోపీ పెద్దాయన.

చెరువు గట్టున ఫిరంగుల్లాంటి కెమెరాలు బిగించుకు కూర్చున్న మిగతావాళ్ళు ఆ మాటకు నవ్వలేదు. పక్షుల్ని చూపిస్తానని జనాన్ని వ్యాన్లో తిప్పే ట్రిప్పులాయన ఒక్కడే పెద్దగా నవ్వేశాడు. పోయిన ట్రిప్పులో ఆయన చూపించగలిగింది బాతుల్ని. అంతకుముందు ట్రిప్పులో వాన. ఇవాళ ఎర్రతల కొంగ రాకపోతే ఇక ఆయన వ్యాన్ ఎక్కేవాడుండడు.

"వస్తుందండీ. అంత పెద్ద పక్షి, తయారవడానికి టైం పట్టదూ?" అని సర్దిచెప్పి, వ్యాన్ చాటుకెళ్ళి బావమరిదికి ఫోన్ చేశాడు.

ఆ బావమరిది పొద్దుటినుంచీ తుంగలో నక్కి ఉన్నాడు. పిల్లి కూతనుంచి పెళ్ళికూతురి ఏడుపు దాకా ఏదైనా నోటితో దించేయగలడు.

"ఏరా, బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు? కూయవేం?"

"నడుం దాకా బురద బావా. జలగలు అల్లుళ్ళలా పట్టుకుని వదలడం లేదు."

"జలగల సంగతి తర్వాత, ముందు కొంగేదీ?" అన్నాడు బావ.

"మొగకొంగ నా ఎదురుగానే ఉంది. కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది, ఉలకదు పలకదు."

"ఆడకొంగలా పిలువు. మొగుడన్నాక లేవక ఏం చేస్తాడు?"

తుంగలోంచి కూత లేచింది. పిలుపు కాదది, నిష్ఠూరం. కూత ముగిసిందో లేదో తుంగ రెండుగా చీలి, మనిషెత్తు కొంగ బయటికొచ్చింది. మెడ సాచింది. రెక్కలు విప్పి ఒళ్ళు విరుచుకుంది. కెమెరాలు పేలాలు వేగినట్టు చిటపటలాడాయి. కొంగ ఎడమవైపు ఓసారి, కుడివైపు ఓసారి తిరిగి చూపించి, తీరిగ్గా చెరువు మీదుగా ఎగిరిపోయింది.

టోపీ పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. "వచ్చే ట్రిప్పుకి మా వియ్యంకుణ్ణి కూడా రాసుకోండి," అన్నాడు.

అందరూ వ్యాన్ ఎక్కారు. డ్రైవర్ హారన్ కొట్టాడు. బావమరిది జాడ లేదు. ట్రిప్పులాయన మళ్ళీ ఫోన్ చేశాడు.

"రారా, బండి కదులుతోంది."

"నేను రాలేను బావా." గొంతు గుసగుసగా వచ్చింది.

"ఏం, కాలు ఇరుక్కుందా?"

"వాడు ఊరికే కూర్చోలేదు బావా, గుడ్ల మీద కూర్చున్నాడు. నా కూత విని, వంతు మార్చుకోడానికి పెళ్ళామొచ్చిందనుకుని నాకు అప్పజెప్పి పోయాడు. పైన గద్దలు తిరుగుతున్నాయి. లేస్తే గుడ్లు దక్కవు."

ట్రిప్పులాయన తల పట్టుకున్నాడు. "మీ అక్కకి నేనేం చెప్పుకోనురా? సరే, కాసేపు ఓపిక పట్టు. అసలు పెళ్ళాం రాకపోతుందా?"

"వచ్చింది బావా. నన్ను ఎగాదిగా చూసింది. నా ముందో కప్పను పెట్టి, మొగుణ్ణి వెంటేసుకుని షికారుకెళ్ళింది."