తొమ్మిదింటి చర్చ

హారం పోయిందన్న వార్త అందరికంటే ముందు చెప్పింది ఆ చానెలే. చెప్పదా మరి, పోయింది దాని యజమాని బీరువాలోంచి.

ఇరవై నాలుగ్గంటలూ నోరు మూయని చానెల్ అది. పిల్లి గోడ దూకితే ‘పులి కలకలం’ అని పొద్దున చెప్పి, సాయంత్రానికి పిల్లి చేతే క్షమాపణ చెప్పించగల సమర్థత దానిది. ఏది జరిగినా జరుగుతుండగానే చూపిస్తామని, ఒక్క పాచి వీడియో ముక్క చూపించినట్టు రుజువైనా చానెల్ మూసేస్తామని యజమాని ఊరంతా బోర్డులు పెట్టించాడు. అందులో ఉదయం తొమ్మిదింటి చర్చ నడిపేది ఆయన బావమరిది. జనం అతన్ని ‘ఉరుము’ అంటారు. అతను గొంతెత్తితే ఆడవాళ్ళు డాబా మీద ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకుంటారు.

ఇన్‌స్పెక్టర్ బీరువా చూశాడు. తాళం పగల్లేదు. తాళంచెవి బీరువా మీది పాత బిస్కెట్ డబ్బాలోనే ఉంది.

“ఈ డబ్బా సంగతి ఎవరెవరికి తెలుసు?”

“నాకూ, మా ఆవిడకూ, ఇదిగో వీడికీ,” అని యజమాని బావమరిది వైపు వేలు చూపించాడు. “వీడే తీశాడు. రాసుకోండి.”

“అది మా అమ్మ హారమండీ,” అన్నాడు ఉరుము, చినుకంత గొంతుతో. “దాచిపెడతానని బావ తీసుకుని ఆరేళ్ళయింది. అడిగితే, దాచడం ఇంకా పూర్తికాలేదంటారు.”

“చూశారా, ఎందుకు తీశాడో కూడా వాడే చెప్తున్నాడు.”

ఇన్‌స్పెక్టర్ పుస్తకం తిప్పాడు. “తొమ్మిదికి మీ ఆవిడ బీరువాకు తాళం వేసి బయటికెళ్ళారు. అప్పటికి హారం ఉంది. పదికి తిరిగొచ్చి చూస్తే లేదు. మీరేమో మేడమీద నిద్రలో ఉన్నారు.”

“ఇరవై నాలుగ్గంటల చానెల్ కదండీ, అలసట.”

“సరే. కానీ ఆ గంటసేపూ నేను స్టేషన్లో టిఫిన్ తింటూ మీ చర్చే చూశాను. ఈయన బల్ల గుద్దుతూనే ఉన్నారు. మూలన ‘లైవ్’ అని ఎర్రగా వెలుగుతూనే ఉంది. స్టూడియో ఊరికి ఆ చివర. అక్కడ అరుస్తున్న మనిషి ఇక్కడ బీరువా ఎలా తీస్తాడండీ?”

యజమాని ఏదో చెప్పబోయి, కిటికీలోంచి కనిపిస్తున్న తన బోర్డు వైపు చూశాడు.

“మీరే చెప్పండి బావా,” అన్నాడు ఉరుము ఎంతో వినయంగా. “తొమ్మిదింటికి నేనెక్కడున్నాను?”

“స్టూడియోలో,” అన్నాడు యజమాని. “లైవ్‌లో.”

“ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ అసలు ఇంటిదొంగే లేడు,” అని ఇన్‌స్పెక్టర్ టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కరెంటు కలిసొస్తుందని ఆ చర్చను ముందురోజు మధ్యాహ్నమే రికార్డు చేయించి, మూలన ‘లైవ్’ అని తగిలించమన్నది యజమానే.