పొగ పరువు

"ఈ పార ఇక నేను పట్టను," అంటూ హిల్డా నేలమాళిగ మెట్ల మీదే కూలబడి దగ్గసాగింది. "ఈ బొగ్గు పొయ్యి కావాలో, పెళ్లాం కావాలో తేల్చుకో."

ఎర్విన్ పికా తేల్చుకోవడానికి కాస్త ఎక్కువసేపే తీసుకున్నాడు. పోలండ్‌లోని సైలీషియా బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మనిషి మరి!

"మళ్లీ ఆ హీట్ పంపు గొడవేనా? బయట ముక్కు గడ్డకట్టే చలి. ఆ గాలిలోంచి వేడి లాగి ఇంట్లోకి పంపుతుందట! ఎవరి చెవిలో పెడతావే పువ్వు?"

"డాక్టరు నా చెవిలో పువ్వేం పెట్టలేదుగా! ఇంకో చలికాలం ఈ మసి పీలిస్తే నా ఊపిరితిత్తులకు ఆయన పూచీ లేదన్నాడు."

"మసి అనకు. మనకి తిండి పెట్టింది అదే. అయినా పొగగొట్టంలోంచి పొగ రాకపోతే వీధిలో ఏమనుకుంటారు? ఇంట్లో ఎవరో పోయారనుకుంటారు."

"ఇలాగే ఉంటే నిజంగానే పోతాను. అప్పుడు తీరిగ్గా కూర్చుని పొగ పెట్టుకో."

ఆ మాటతో ఎర్విన్ దిగొచ్చాడు. కానీ ఒకటే షరతు. వీధిలో పురుగుకి కూడా తెలియకూడదు. గని కార్మికుల పండుగనాడు మగాళ్లంతా ఈకల టోపీలు పెట్టుకుని ఊరేగింపుకీ, ఆడాళ్లంతా వాళ్లను బీరు బల్లల దగ్గర్నుంచి ఈడ్చుకురావడానికీ వెళ్లారు. ఎర్విన్ మాత్రం కడుపునొప్పని ఇంట్లో ఉండిపోయి, పెరట్లో కుందేళ్ల గూడు వెనక గుట్టుగా పంపు బిగింపించాడు.

ఇల్లు కమ్మగా వెచ్చబడింది. హిల్డా దగ్గు తగ్గింది. ఎర్విన్ కూడా ఉన్నికోటు విప్పేసి ఉత్త చొక్కాతో ఇల్లంతా తిరుగుతున్నాడు. అయితే రోజూ పొద్దున్నే కిందికి దిగి, పాత పొయ్యిలో తడిగడ్డి ముట్టించి, కళ్లు మండేదాకా ఊది పొగ పెట్టేవాడు. ఒళ్లు వెచ్చబడితే చాలదు కదా, పరువు కూడా వెచ్చగా ఉండాలి!

"బాగుందిరా నీ పొగ! మాంచి దిట్టంగా ఉంది," అనేవాడు పక్కింటి గెరార్డ్ కంచె మీదుగా.

"మరేమనుకున్నావు? అసలు సిసలు గని బొగ్గు. ఆ పంపులు పెట్టుకునేది ఒంట్లో వేడి లేని పట్నంవాళ్లు."

"సిగ్గు లేనివాళ్లు," అని తుపుక్కున ఉమ్మేవాడు గెరార్డ్.

ఒకరోజు మునిసిపాలిటీ నుంచి తనిఖీ అమ్మాయి వచ్చి తలుపు తట్టింది.

"తాతగారూ, ఈ పొగేమిటి? చెత్త కాలుస్తున్నారా?"

"బొగ్గమ్మా, బొగ్గు!" అన్నాడు ఎర్విన్ వీధి చివరికి వినపడేలా.

ఆమె నేలమాళిగలోకి దిగి పొయ్యి తలుపు తీసి చూసింది. గడ్డి! నేరుగా పెరట్లోకి నడిచింది. కుందేళ్ల గూడు వెనక పంపు హాయిగా గిర్రున తిరుగుతోంది. వంటింటి గుమ్మంలో హిల్డా ఏప్రన్ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది.

ఎర్విన్ గొంతు పాతాళానికి దిగిపోయింది.

"జరిమానా ఎంతైనా వెయ్యి తల్లీ. బొగ్గు కాల్చానని రాసుకో, టైర్లు కాల్చానని రాసుకో, నీ ఇష్టం. ఈ పంపు సంగతి మాత్రం ఆ గెరార్డ్ చెవిన పడనివ్వకు. ఈ వీధిలో నేనిక తలెత్తుకు తిరగలేను."

ఆ అమ్మాయి నిట్టూర్చి పెన్ను జేబులో పెట్టుకుంది.

"గెరార్డ్ గారింట్లోంచే వస్తున్నాను తాతగారూ. ఈ వీధిలో ప్రతి పెరట్లోనూ పంపే, ప్రతి పొయ్యిలోనూ తడిగడ్డే. ఒక్క ఎర్విన్ గారికి మాత్రం తెలియనివ్వొద్దని అందరూ నా కాళ్లావేళ్లా పడ్డారు!"