బతికున్నట్టు తీర్మానం

"మన సభ్యురాలు అచ్చాయమ్మ గారు బతికే ఉన్నారని సంఘం తీర్మానించడమైనది," అని చదివింది లీడర్ శ్రీదుర్గ.

ఆన్‌లైన్‌లో ఎవరో పొరపాటున అచ్చాయమ్మ చనిపోయినట్టు ఎక్కించేశారు. మిగతా తొమ్మిదిమందీ సంతకాలు పెడితే తప్ప ఆవిడకు ప్రాణం రాదు, పొదుపు సంఘానికి లోను రాదు. ఎనిమిది పడ్డాయి. మిగిలింది మాణిక్యం.

పూతరేకులు తీసే కుండ పగిలిననాటి నుంచి, అయిదేళ్లుగా ఆ ఇద్దరికీ మాటల్లేవు.

"నేను పెట్టనండి," అంది మాణిక్యం గోడవైపు చూస్తూ. "నా మటుకు ఆవిడ పోయి అయిదేళ్లయింది."

"ఎదురుగా కూర్చున్నారు కదండీ!" అంది శ్రీదుర్గ.

"కూర్చుంటే సరా? బతికున్న మనిషైతే నాతో మాట్లాడమనండి, చూద్దాం."

అచ్చాయమ్మకు ఒళ్లు మండిపోయింది.

"నీ నోరు పడిపోనూ! మా అత్తగారిచ్చిన కుండ అరువడిగి పట్టుకెళ్లి పగలగొట్టింది చాలక, ఇప్పుడు నన్నే చంపేస్తావటే? ఒక్కనాడైనా గుమ్మంలోకొచ్చి తప్పయిందన్నావా?"

ఊపిరి తీసుకోవడానికి ఆగింది. మాణిక్యం కొంగుతో కళ్లొత్తుకుంటూ సంతకం పెడుతోంది.

"మిగతావి రేపు తిట్టు వదినా. నీకోసం కొన్న కుండ అయిదేళ్లుగా మా అటకమీదే ఉంది. పట్టుకొస్తాను."