బురద టైర్ల జత

కొట్లో బురద టైర్ల జత ఒక్కటే మిగిలింది.

సైకిల్ షాపు యజమాని దాన్ని కొక్కెం మీంచి దించి, తన సైకిల్ పక్కన పెట్టుకున్నాడు.

బయట వాన కుండపోతగా కురుస్తోంది.

అల్లుడి ఉద్యోగం కొండ మీద, నీటి పంపుల దగ్గర. నెలలు నిండిన కూతురు అక్కడే ఉంది. నొప్పులు మొదలయ్యాయని, రోడ్డు కొట్టుకుపోయిందని, ఆసుపత్రి వాళ్లు ఎవరినో పంపిస్తామన్నారని అల్లుడు చెబుతుండగానే ఫోను మూగబోయింది.

“బిడ్డ అడ్డంగా ఉందని మొన్ననే చెప్పారు కదండీ,” భార్య కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “ఇప్పుడు మీరు వెళ్లి ఏం చేస్తారు? పురుడు పోస్తారా?”

“ఇక్కడ కూర్చుని గోడలు చూడమంటావా? కొండకి అవతలి వైపు దారి ఉందిగా. డాక్టరు జీపులో అటునుంచి వస్తాడు. నేను పక్కనుంటే పిల్లకి ధైర్యం.”

పాత టైరు విప్పడం మొదలుపెట్టాడు.

అప్పుడే ఒకామె సైకిల్ తోసుకుంటూ లోపలికి వచ్చింది. రెయిన్‌కోటు నిండా బురద. వెనక సీటు మీద తాళ్లతో బిగించి కట్టిన నలుచదరపు పెట్టె. పార్సిళ్లు పంచేవాళ్ల దగ్గర ఉండేలాంటిదే.

“అన్నా, బురద టైర్లు కావాలి. వీటితో కొండ ఎక్కలేకపోతున్నా.”

అతను ఆమె టైర్లు చూశాడు. పొట్టి బొడిపెలు, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఎండిన గట్టి దారిలో బాణంలా పోతాయి. తడి బంకమట్టిలో ఆ సందులన్నీ పూడిపోయి, చక్రం నున్నగా సబ్బుబిళ్లలా తయారవుతుంది. బంకమట్టికి బొడిపెలు పొడుగ్గా, ఎడమెడంగా ఉండాలి. అంటుకున్న మట్టి చక్రం తిరుగుతుంటేనే రాలిపోవాలి.

“లేవమ్మా. కొత్త సరుకు డెలివరీ రాలేదు.”

“అవిగో, మీ కాళ్ల దగ్గర ఉన్నాయిగా.”

“అవి అమ్మకానికి కావు.”

“పైన డెలివరీ ఉందన్నా. చాలా అర్జెంటు. మీ కాళ్లు పట్టుకుంటా.”

“మీకు ఎప్పుడూ అర్జెంటే. ఒక్క పూట ఆగితే కొంపలేం మునగవు.”

“మునుగుతాయన్నా! వాదించడానికి టైము లేదు. పోనీ ఒక్కటివ్వండి, ముందు చక్రానికి. అది పట్టు తప్పకపోతే చాలు. వెనకది జారినా ఎలాగో లాక్కుపోతా.”

ఆ మాట నిజమేనని అతనికి తెలుసు. ముందు చక్రం మాట వింటే సగం దారి చేతికొచ్చినట్టే. కానీ ఒకటి ఇచ్చేస్తే మిగిలింది దండగ సరుకు. వ్యాపారం అతనికి నేర్పిన లెక్క అది.

“జత విడదీయనమ్మా.”

భార్య ఉండబట్టలేకపోయింది. “ఏమనుకోకమ్మా, మా అమ్మాయికి...”

అతను కళ్లతోనే ఆమె నోరు మూయించాడు. అవసరం బయటపెట్టినవాడు బేరంలో ఓడిపోతాడని అతని నమ్మకం. ఇన్నేళ్లలో ఇంటి సంగతి ఒక్కటీ గల్లాపెట్టె దాటి బయటికి పోలేదు.

“గాలి కాస్త తీసేసుకుని వెళ్లు. కొంచెం పట్టు దొరుకుతుంది,” అన్నాడు. ఖర్చు లేనిది అదొక్కటే.

ఆమె వంగి, రెండు టైర్లలోనూ గాలి తగ్గించుకుని వానలోకి వెళ్లిపోయింది.

“పాపం, అంత బతిమాలింది. ఒక్కటిస్తే మీ సొమ్మేం పోయేది?” అంది భార్య.

“ఎవరిదో పార్సిల్ కోసం నా కూతుర్ని పణం పెట్టమంటావా?”

టైర్లు బిగించి అతను బయల్దేరాడు. గులకరాళ్ల దారి దాటాడు. బంకమట్టి మొదలైంది. కొత్త బొడిపెలు మట్టిని కరిచి పట్టుకుంటున్నాయి. చక్రం ఎక్కడా జారడం లేదు. సరైన సరుకు తన దగ్గరే ఉంచుకున్నానని మనసులో ఒక్కసారి అనుకున్నాడు.

ఏటవాలు మలుపులో ఆమె కనిపించింది.

సైకిల్ బోర్లా పడి ఉంది. ఆమె కాలు దాని కింద ఇరుక్కుంది. రెయిన్‌కోటు విప్పి పెట్టెకు కప్పి, పెట్టెను ఒళ్లో పెట్టుకుని తను తడుస్తోంది.

“అన్నా! ఆగండన్నా! కాలు విరిగినట్టుంది. నన్ను ఎలాగైనా పైకి...”

మిగతా మాట గాలిలో కొట్టుకుపోయింది.

ఆ ఎక్కుడులో ఆగితే ఊపు పోతుంది. పోయిన ఊపు మళ్లీ రాదు. ఒక పక్క కన్నకూతురు, ఇంకో పక్క ఎవరిదో పార్సిల్. తూకం వేయడానికి అతనికి రెప్పపాటు కూడా పట్టలేదు.

“వచ్చేటప్పుడు చూస్తానమ్మా!” అని అరిచి, ఇంకా గట్టిగా తొక్కాడు. వెనక చక్రం చిమ్మిన బురద ఆమె మీద పడింది.

అల్లుడు వాకిట్లోనే వానలో నిలబడి ఉన్నాడు. మామగారిని చూసి అతని ముఖం వెలగలేదు. అతని చూపంతా మామగారి వెనకున్న దారి మీదే ఉంది.

“మీరొక్కరేనా, మావయ్యా?”

“జీపు రాలేదా?”

“రెండు వైపులా రోడ్డు పోయింది. జీపు ఎక్కడ్నుంచి వస్తుంది?”

లోపల కూతురు పెట్టిన కేక సగంలోనే బలం చాలక ఆగిపోయింది. తర్వాత నీరసంగా ఒక మాట వినిపించింది. “వచ్చిందా?”

“ఎవరు?” అన్నాడతను.

“నర్సమ్మ, మావయ్యా. ఇందాకే ఆసుపత్రి వాళ్లు మా పంపుల ఆఫీసు వైర్‌లెస్‌లో చెప్పారు, ‘పైన డెలివరీ ఉంది, సైకిల్ మీదైనా సరే పోతా’నని పెట్టె కట్టుకుని మరీ బయల్దేరిందట.”