రెండు తలల పక్షి

"గండభేరుండమైతే ఏనుగులేవండీ ఆంటీ?" అంది స్టెఫీ, తడి దూదితో వెండి పెట్టె మూత తుడుస్తూ.

కాంతంగారు కాఫీ కప్పు బల్ల మీద పెట్టి వంగి చూశారు. "ఏనుగులేంటమ్మా?"

"మన గండభేరుండం ముక్కుతోనో కాళ్ళతోనో ఏనుగుల్ని పట్టుకుని ఉంటుంది కదా. దీని కాళ్ళు ఖాళీగా ఉన్నాయి. పైగా నెత్తిన కిరీటాలొకటి."

"మా ఆయన చూడగానే విజయనగరం వాళ్ళదని తేల్చేశారు. ఆయన తేల్చేశాక ఇంక అప్పీల్ ఉండేది కాదు," అని నవ్వారు ఆవిడ.

ఆ ఆయన హేమచంద్రగారు. కెనడాలోని వాటర్లూలో ఇంజనీర్లకు పాఠాలు చెప్పి, రిటైరై, కాలం చేశారు. ఆయన ఆ మాట అన్నప్పటినుంచీ అరచేతిలో ఇమిడే ఈ పెట్టె పూజగదిలో కుంకుమ భరిణెగా ఉంది. పక్క ఊరు కిచెనర్‌లో గుడి కమిటీ పెద్ద కోదండరామ్‌గారి కన్ను దాని మీద పడింది. విజయనగరం నాటి గండభేరుండ భరిణె తమ గుడికి వస్తోందని ఆయన ఊరంతా చెప్పేసుకున్నారు. ఆదివారం వచ్చి తీసుకెళ్తారు.

"ఇచ్చేముందు ఇది ఎక్కడిదో ఒక్కసారి చూసి చెప్పమ్మా. నువ్వు చదివేది ఇవేగా," అన్నారు కాంతంగారు.

స్టెఫీ కాకినాడ పిల్ల. పాత వస్తువుల సంరక్షణ చదవడానికి వచ్చింది. విమానాల నిండా స్టూడెంట్లు దిగుతున్న రోజులవి. గది దొరకడమంటే సీటు దొరకడం కన్నా కష్టం. కిచెనర్‌లో ఒక బేస్‌మెంట్‌లో పరుపు కూడా వంతులేసుకుని పడుకుంటున్న పిల్లని, ఆ పిల్ల వెళ్ళే చర్చిలో ఎవరో చెబితే, కాంతంగారు తీసుకొచ్చి మేడ మీద గది ఇచ్చారు.

స్టెఫీకి ఆవిడంటే ప్రాణం. పచ్చటి మనిషి, నేత చీర, నుదుట బొట్టు. పులిహోర దగ్గర్నుంచి ముగ్గుల దాకా ఏది మెచ్చుకున్నా "మా అత్తగారు జానకమ్మ నేర్పింది" అంటారు. కాంతం అన్న పేరు కూడా పెళ్ళిలో ఆ అత్తగారు పెట్టిందేనట. పుట్టింటి మాటెత్తితే మాత్రం కూరలోకి ఉప్పు సరిపోయిందా అని అడుగుతారు. ఏవో పాత గొడవలు కాబోలని స్టెఫీ మళ్ళీ అడగలేదు. ఆవిడ తెలుగులో ఎక్కడో చిన్న యాస తేడా ఉంది. ఇన్నేళ్ళు కెనడాలో ఉంటే ఎవరికైనా వస్తుందిలే అనుకుంది.

తుడిచేకొద్దీ ఏళ్ళుగా పేరుకున్న కుంకుమ కరిగి దూదికి అంటింది. రెండు కిరీటాల మధ్య గోరంత శిలువ బయటపడింది. స్టెఫీ చేయి ఆగిపోయింది. ఫోన్ తీసి అన్ని వైపులా ఫోటోలు తీసింది.

మర్నాడు ఫోటోలు పట్టుకుని లైబ్రరీలో కూర్చుంది. వాళ్ళ ప్రొఫెసర్ కూడా చూసి అవునన్నాడు. తిరుగు బస్సులో మాత్రం స్టెఫీకి భయం పట్టుకుంది. గుడికి వెళ్ళాల్సిన వస్తువుకి చర్చికెళ్ళే పిల్ల వంక పెట్టిందంటే ఏమనుకుంటారు? ఆంటీ మనసు విరిగితే ఆ గది ఉంటుందా? అయినా అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. ఇంటికి రాగానే చెప్పేసింది.

"ఇది భరిణె కాదండీ. తూటాల పెట్టె. గ్రీకుది."

కాంతంగారు కుర్చీలో మెల్లగా కూర్చున్నారు. "చెప్పు."

"టర్కీ సుల్తానుల మీద తిరగబడ్డ కొండవాళ్ళు నడుముకి కట్టుకునేవారట. వెనక ఈ వంపు నడుముకి ఆనడానికే. ఈ కొక్కేల్లోంచి బెల్టు పోతుంది. లోపల కాగితంలో చుట్టిన మందూ, గుండూ."

"మరి రెండు తలలూ?"

"ఒకటి తూర్పుకి, ఒకటి పడమరకి చూస్తోంది. వాళ్ళు పోగొట్టుకున్న రాజ్యం గుర్తది. ఎప్పటికైనా తిరిగొస్తుందని ఆశ. పక్కన ఈ పాముల జుట్టు ముఖం, అంకుల్ నాగదేవత అన్నారని మీరు చెప్పారే, అది మన దిష్టిబొమ్మ లాంటిది. చూసిన శత్రువు రాయైపోతాడని నమ్మకం."

"గ్రీసులో ఎక్కడ?"

"ఊరు చెప్పలేను. ఉత్తరాన ఎపిరస్ అని కొండల ప్రాంతం. పువ్వుల చుట్టూ నల్లగా నింపారు చూడండి, ఆ వెండిపని వాళ్ళదే." స్టెఫీ భయం మరిచిపోయి చెప్పుకుపోతోంది. "ఇవి జతగా ఉంటాయి ఆంటీ. తాతల నుంచి మనవలకి వస్తాయి. దీని జోడు ఎక్కడో ఎవరింట్లోనో ఉండే ఉంటుంది."

"జోడుందా?" పెట్టెని రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకున్నారు. తర్వాత ఫోన్ అందుకున్నారు. "కోదండరామ్‌గారూ, ఏమీ అనుకోకండి. పెట్టె ఇవ్వలేను."

స్టెఫీ తల దించుకుంది. "నా మూలంగానే. అంకుల్ జ్ఞాపకాన్ని పాడుచేశాను. గది ఖాళీ చేయమన్నా..."

"ఖాళీ ఏంటి, పిచ్చిపిల్లా. దీన్ని ఎందరికి చూపించానో నీకు తెలీదు. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. నేను బాధపడుతుంటే చూడలేక మా ఆయన మనదే అనేశారు." ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. "ఏ కొండలన్నావు?"

"ఎపిరస్."

ఆవిడ ఆ మాటని పెదాల మీద మళ్ళీ మళ్ళీ పలికి చూసుకున్నారు. ఆ ముఖంలో వెలుగు చూసి స్టెఫీ నిర్ఘాంతపోయింది.

"దీని కోసం ఇంతగా ఎందుకు వెతికారు ఆంటీ?"

"టొరంటోలో చర్చి మెట్ల మీద నేను దొరికినప్పుడు నా పొత్తిళ్ళలో ఉన్నది ఇదొక్కటేనమ్మా."